గుండె వైఫల్యంతో పాటు కిడ్నీ బలహీనత కూడా ఉంటే నెలసరి ఆగాక హార్మోన్ చికిత్స తీసుకోవచ్చా?

మీ ప్రశ్నను నేను అర్థం చేసుకున్న మేరకు ముందుగా క్లుప్తంగా చెప్తాను. మీ అక్కగారికి 52 ఏళ్లు, నెలసరి ఆగి ఏడాదిన్నర అయింది. గుండె కండరం బలహీనపడి ఎజెక్షన్ ఫ్రాక్షన్ (గుండె కొట్టుకున్న ప్రతిసారీ బయటికి తోసే రక్తం వాటా) 35 శాతం దగ్గర ఉంది. కిడ్నీలు వడగట్టే వ్యర్థమైన క్రియాటినిన్ రక్తంలో 1.5, కిడ్నీల వడపోత వేగం చెప్పే ఈజీఎఫ్‌ఆర్ 42. గుండె వైఫల్యానికి సాక్యుబిట్రిల్-వాల్సార్టాన్, బిసోప్రొలాల్, స్పైరొనొలాక్టోన్ 25 మిల్లీగ్రాములు, డాపాగ్లిఫ్లోజిన్ రోజూ వేసుకుంటున్నారు, ఒంట్లో నీరు చేరినప్పుడు దాన్ని మూత్రంలో బయటికి పంపే ఫ్యూరోసెమైడ్ వాడుతున్నారు. వేడి ఆవిర్లు, రాత్రి చెమటల వల్ల నిద్ర కరవైపోతే గైనకాలజిస్టు హార్మోన్ మాత్రలు సూచించారు, గుండె వైద్యుడేమో ఆ మాటే ఎత్తవద్దన్నారు. ఎవరి మాట వినాలో తెలియక ఇక్కడ అడిగారు.

హార్మోన్ చికిత్సలో ముఖ్యమైన స్త్రీ హార్మోన్ ఈస్ట్రోజెన్‌ను నోటితో మింగే మాత్రగా ఆవిడకు వద్దు. చర్మానికి అంటించే ప్యాచ్ లేదా రాసుకునే జెల్ రూపంలో, తక్కువ మోతాదులో, గుండె పరిస్థితి కనీసం మూడు నెలలుగా నిలకడగా ఉండి, గతంలో గుండెపోటు, పక్షవాతం, కాళ్లలోగానీ ఊపిరితిత్తుల్లోగానీ రక్తం గడ్డకట్టడం, రొమ్ము క్యాన్సర్ లేకపోతే, వాడి చూడవచ్చు. అయితే అది వేడి ఆవిర్ల బాధ తగ్గించడానికే తప్ప గుండెకో కిడ్నీకో మేలు చేస్తుందన్న ఆశతో కాదు. కాబట్టి ఇద్దరు వైద్యుల మాటల్లోనూ కొంత నిజం ఉంది. ఒకరు ఆవిడ బాధను చూశారు, మరొకరు ఆవిడ ప్రమాదాన్ని చూశారు. ఏ హార్మోన్, ఏ దారిన, ఏ మందుల పక్కన అన్న ప్రశ్నలు మాత్రం ఇద్దరూ వేసుకున్నట్టు మీరు రాసినదాన్నిబట్టి కనిపించడం లేదు. గుండె వైఫల్యం, కిడ్నీ జబ్బు రెండూ కలిసి ఉన్నవారిని 22 ఏళ్లుగా చూస్తున్నాను. ఈ విషయంలో నేను చూసిన నష్టాల్లో ఎక్కువ భాగం ఆ మూడు ప్రశ్నలను దాటవేసిన చోటే జరిగాయి.

మందు గురించి మాట్లాడే ముందు ఒక్క సంగతి తేల్చుకోండి. ఆవిడ రాత్రిపూట మేలుకోవడానికి కారణం నిజంగా వేడి ఆవిరేనా? నాలుగేళ్ల క్రితం ఒకావిడ ఆరు నెలలుగా ‘మెనోపాజ్ చెమటలు’ అని చెప్పుకుంటూ నా దగ్గరికి వచ్చారు. మేలుకోగానే ఏం చేస్తారని అడిగితే, లేచి కూర్చుంటానని, కిటికీ తెరిచి పావుగంట అక్కడే నిలబడితే సర్దుకుంటుందని చెప్పారు. దుప్పటి తన్నేసి మళ్లీ పడుకునే మనిషి వేరు, లేచి కూర్చుంటే తప్ప ఊపిరి ఆడని మనిషి వేరు. ఆవిడకున్నది ఊపిరితిత్తుల్లో నీరు. ఫ్యూరోసెమైడ్ మోతాదు సరిచేశాక పది రోజుల్లో ఆ ‘చెమటలు’ పోయాయి. ఆ స్థితిలో ఈస్ట్రోజెన్ ఇచ్చి ఉంటే నీరు ఇంకా పెరిగేది. అందువల్ల మీ అక్కగారు ఎన్ని దిండ్లు పెట్టుకుని పడుకుంటున్నారో, మేలుకున్నప్పుడు ముందు వచ్చేది వేడా ఆయాసమా గమనించి రాసుకోమనండి. థైరాయిడ్ పనితీరు చెప్పే టీఎస్‌హెచ్ పరీక్ష కూడా ఒకసారి చేయించండి, ఎందుకంటే థైరాయిడ్ ఎక్కువగా పనిచేసినా చెమటలు, గుండెదడ, నిద్రలేమి ఇలాగే వస్తాయి, పైగా అది గుండె వైఫల్యాన్ని తానుగానే ముదరబెడుతుంది. గుండె లయ కోసం అమియోడరోన్ వాడుతున్నవారిలో ఈ పరీక్షను ఎన్నడూ వదిలిపెట్టకూడదు.

ఇక మాత్ర ఎందుకు వద్దంటున్నానో చెప్తాను. మింగిన ఈస్ట్రోజెన్ పేగుల నుంచి నేరుగా కాలేయానికి వెళ్తుంది. కాలేయం దానికి స్పందించి రక్తం గడ్డకట్టించే పదార్థాలనూ, ట్రైగ్లిసరైడ్లనూ, యాంజియోటెన్సినోజెన్ అనే ప్రోటీన్‌నూ ఎక్కువగా తయారుచేస్తుంది. ఈ చివరిదాన్ని గుర్తుపెట్టుకోండి. ఉప్పునూ నీటినీ శరీరంలో నిలిపి ఉంచే రెనిన్-యాంజియోటెన్సిన్ వ్యవస్థకు ముడిసరుకు అదే, మీ అక్కగారు వాడుతున్న వాల్సార్టాన్, స్పైరొనొలాక్టోన్ అడ్డుకుంటున్నది కూడా ఆ వ్యవస్థనే. ఒక చేత్తో తాళం వేస్తూ మరో చేత్తో తలుపు నెట్టినట్టవుతుంది. చర్మం ద్వారా వెళ్లే ఈస్ట్రాడయోల్ (ఈస్ట్రోజెన్‌లో ఒక రకం) మొదట కాలేయాన్ని తాకకుండా నేరుగా రక్తంలో కలుస్తుంది కనుక ఈ ప్రభావాలు చాలామటుకు కనిపించవు. ఫ్రాన్స్‌లో జరిగిన ఎస్తర్ అధ్యయనంలో మాత్రలు వాడినవారికి సిరల్లో రక్తం గడ్డకట్టే అవకాశం వాడనివారితో పోలిస్తే సుమారు నాలుగు రెట్లు కాగా, చర్మం ద్వారా వాడినవారిలో అది పెరగలేదు. అది ఎవరికి ఏ మందు ఇవ్వాలో చీటీ వేసి నిర్ణయించిన పరీక్ష కాదు, పరిశీలన మాత్రమే. అయినా గుండె బలహీనపడి, రక్తప్రసరణ మందగించి, గడ్డకట్టే అవకాశం ముందే ఎక్కువగా ఉన్న మనిషి విషయంలో ఆ తేడాను పక్కన పెట్టే ధైర్యం నాకు లేదు.

ఆ మాటకొస్తే ఈస్ట్రోజెన్ ఏ దారిన వెళ్లినా శరీరం ఉప్పునూ నీటినీ కొంత ఎక్కువగా నిలుపుకుంటుంది. ఆరోగ్యవంతురాలికి అది ఉంగరం బిగుతు కావడంతో సరిపోతుంది. 35 శాతం ఎజెక్షన్ ఫ్రాక్షన్ ఉన్నవారికి లీటరు నీరు ఎక్కువైతే మెట్లెక్కేటప్పుడు తెలిసిపోతుంది.

పెద్ద పరీక్షలు ఏమంటున్నాయన్నది మీ ప్రశ్నలో లేకపోయినా, గుండె వైద్యుడు ‘వద్దు’ అనడానికి వెనుక ఉన్నది అదే కనుక చెప్పాలి. అమెరికాలో జరిగిన ఉమెన్స్ హెల్త్ ఇనిషియేటివ్‌లో గర్భాశయం ఉన్న 16,608 మంది స్త్రీలు పాల్గొన్న భాగాన్ని, రొమ్ము క్యాన్సర్ పెరగడంతోపాటు మొత్తంమీద మేలుకన్నా కీడు ఎక్కువగా కనిపించడంతో, 2002లో మధ్యలోనే ఆపేశారు. ఏడాదికి ప్రతి 10,000 మందిలో గుండెపోటు వంటివి 7, పక్షవాతం 8, ఊపిరితిత్తుల్లో గడ్డ 8, రొమ్ము క్యాన్సర్ 8 చొప్పున అదనంగా కనిపించాయి. అక్కడ వాడింది నోటి మాత్ర, పాల్గొన్నవారి సగటు వయసు 63. అంతకుముందు, 1998లో వెలువడిన హెర్స్ పరీక్షలో అప్పటికే గుండె రక్తనాళాల జబ్బు ఉన్న 2,763 మందిలో సగం మందికి అదే రకం మాత్ర ఇస్తే గుండెకు మొత్తంమీద మేలు జరగలేదు, మొదటి ఏడాదిలోనైతే గుండె సంఘటనలు ఎక్కువయ్యాయి. ఇకపోతే గుండె వైఫల్యం సంగతి. ఉమెన్స్ హెల్త్ ఇనిషియేటివ్‌లో దీర్ఘకాలం గమనించి చూస్తే, గుండె వైఫల్యంతో ఆసుపత్రిలో చేరే అవకాశం హార్మోన్ వల్ల పెరగనూ లేదు, తగ్గనూ లేదు. వినడానికి ఇది ఊరటగా ఉన్నా మీ అక్కగారికి నేరుగా వర్తించదు, ఎందుకంటే అక్కడ చేరినవారిలో అత్యధికులకు గుండె వైఫల్యమే లేదు. వైఫల్యం ఉన్న స్త్రీలనే తీసుకుని ప్యాచ్ ఇచ్చి చూసిన పెద్ద పరీక్ష లేదు కాబట్టి, ఈ స్థితిలో ఏ వైద్యుడు చెప్పినా శరీరధర్మాన్నీ తన అనుభవాన్నీ కలిపి చెప్పవలసిందే. నేనూ అంతే.

కిడ్నీ విషయానికి వస్తే రెండు వైపుల నుంచి ఆలోచించాలి. హార్మోన్ కిడ్నీని ఏం చేస్తుందన్నది ఒకటి, బలహీనపడిన కిడ్నీ హార్మోన్‌ను ఏం చేస్తుందన్నది రెండోది. మొదటిదానికి ఒకే జవాబు లేదు. ఈస్ట్రోజెన్ కిడ్నీ వడపోత భాగాలు మచ్చకట్టకుండా కాపాడుతుందని జంతువుల్లో చేసిన ప్రయోగాలు చెప్తాయి. కానీ కెనడాలో 66 ఏళ్లు దాటిన స్త్రీలను గమనించి 2008లో ప్రచురించిన పరిశీలనలో నోటి ద్వారా ఈస్ట్రోజెన్ వాడినవారిలో ఈజీఎఫ్‌ఆర్ కొంచెం వేగంగా తగ్గింది. ఆ తేడా చిన్నదే, రెండేళ్లకు ఒక యూనిట్ అటూఇటూగా మాత్రమే. కిడ్నీ కోసం హార్మోన్ మొదలుపెట్టడానికి ఇందులో ఏ ఆధారమూ లేదు, అలాగే 42 ఈజీఎఫ్‌ఆర్ ఉన్నవారికి ప్యాచ్ వేస్తే కిడ్నీ పాడైపోతుందని భయపెట్టడానికీ ఆధారం లేదు. రెండోది ఇంతకన్నా స్పష్టం. కిడ్నీ వైఫల్యం ముదిరినవారిలో, ముఖ్యంగా డయాలిసిస్ మీద ఉన్నవారిలో, అదే మోతాదు ఈస్ట్రాడయోల్‌కు రక్తంలో మట్టం ఎక్కువగా కనిపిస్తుంది. మీ అక్కగారు ఆ దశలో లేరు. అయినా మొదలుపెట్టేటప్పుడు రోజుకు 25 మైక్రోగ్రాములు విడుదల చేసే ప్యాచ్‌తో మొదలుపెట్టి, ఆరు నుంచి ఎనిమిది వారాలు చూసి, బాధ తగ్గకపోతేనే పెంచడం నా పద్ధతి.

మూత్రంలో ప్రోటీన్ ఎంత పోతోందో మీరు రాయలేదు. ప్రోటీన్ బాగా ఎక్కువగా పోయే నెఫ్రోటిక్ స్థితిలో రక్తం గడ్డకట్టే గుణం పెరుగుతుంది కనుక అప్పుడు ప్యాచ్ విషయంలో కూడా నేను వెనక్కి తగ్గుతాను. కిడ్నీ జబ్బుకు కారణం లూపస్ (శరీర రక్షణ వ్యవస్థ సొంత ఒంటి మీదే దాడి చేసే జబ్బు) అయితే, రక్తం గడ్డకట్టే గుణాన్ని పెంచే యాంటీఫాస్ఫోలిపిడ్ యాంటీబాడీలు ఉన్నాయేమో చూడకుండా అసలు ముందుకు వెళ్లకూడదు.

ఇప్పుడు అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి, ఈస్ట్రోజెన్ పక్కన ఇచ్చే రెండో హార్మోన్. గర్భాశయం ఉన్నవారికి ఈస్ట్రోజెన్ ఒక్కటే ఇస్తే గర్భాశయం లోపలి పొర పెరిగి క్యాన్సర్‌కు దారితీయవచ్చు కాబట్టి ప్రొజెస్టిరాన్ జాతి మందు తోడుగా ఇస్తారు. ఆ మందు పేరు డ్రోస్పిరెనోన్ అయితే మీ అక్కగారు దాన్ని ముట్టకూడదు. డ్రోస్పిరెనోన్ స్పైరొనొలాక్టోన్‌కు దగ్గరి చుట్టం. 3 మిల్లీగ్రాములు వేసుకుంటే దాదాపు 25 మిల్లీగ్రాముల స్పైరొనొలాక్టోన్ వేసుకున్నట్టే, రెండూ పొటాషియాన్ని ఒంట్లోనే ఆపేస్తాయి. ఒకావిడ, 54 ఏళ్లు, దాదాపు మీ అక్కగారి మందులే వాడుతూ, మరోచోట ఈ మాత్ర కూడా రాయించుకుని వేసుకున్నారు. గుండె మందుల చీటీ అక్కడ ఎవరూ అడగలేదు, ఈవిడా చూపించలేదు. మూడో వారానికి తొడల్లో బలం లేక కుర్చీలోంచి లేవలేకపోతున్నానంటూ వచ్చారు. ఈసీజీ కాగితం బయటికి వస్తూండగానే సంగతి తెలిసిపోయింది, టీ తరంగాలు గుడారాల్లా కోసుగా లేచి ఉన్నాయి. రక్తంలో పొటాషియం ప్రమాదకరంగా 6.8. వెంటనే సిరలోకి కాల్షియం, తరువాత ఇన్సులిన్-గ్లూకోజ్ ఇచ్చి రెండు రోజులు కనిపెట్టుకుని ఉన్నాం, బతికి బయటపడ్డారు. మాత్ర డబ్బా మీద ఆ పేరు చిన్న అక్షరాల్లో ఉంది, సంచీలోంచి తీసి చూపించేదాకా ఎవరికీ తట్టలేదు. అప్పటినుంచి నేను ‘ఏ మందులు వాడుతున్నారు’ అని అడగడం మానేసి ‘డబ్బాలన్నీ బల్ల మీద పెట్టండి’ అంటున్నాను.

మరి తోడుగా ఏది ఇవ్వాలంటే, మైక్రొనైజ్డ్ (సన్నగా పొడిచేసిన) ప్రొజెస్టిరాన్. రోజూ వాడితే రాత్రిపూట 100 మిల్లీగ్రాములు, నెలలో 12 నుంచి 14 రోజులే వాడితే 200 మిల్లీగ్రాములు. ఇది కొంత మగత కలిగిస్తుంది కనుక నిద్రకు కూడా సాయపడుతుంది, ఒంట్లో ఉప్పును నిలిపి ఉంచే అల్డోస్టిరాన్ హార్మోన్‌కు ఎదురు నిలుస్తుంది కనుక ఉప్పును కొద్దిగా బయటికే పంపుతుంది. ఆ గుణం స్వల్పమే అయినా పొటాషియం చూస్తూనే ఉండాలి. హార్మోన్ పూసిన గర్భాశయ సాధనం కూడా ఒక దారే, దాన్ని గైనకాలజిస్టు నిర్ణయిస్తారు.

మొదలుపెట్టాలని అందరూ ఒప్పుకున్నాక నేను ఎలా నడిపిస్తానో చెప్తాను. మొట్టమొదటి నియమం, ఒకేసారి రెండు మార్పులు చేయకూడదు. సాక్యుబిట్రిల్-వాల్సార్టాన్ మోతాదు పెంచిన పదిహేను రోజుల్లోనే ప్యాచ్ అంటిస్తే, తరువాత క్రియాటినిన్ పెరిగినా కాళ్లు వాచినా దేనివల్లో ఎవరూ చెప్పలేరు, చివరికి నింద హార్మోన్ మీదో, అంతకన్నా ఘోరంగా ప్రాణం నిలబెట్టే గుండె మందు మీదో పడుతుంది. రెండోది బరువు. పొద్దున లేచి మూత్రానికి వెళ్లొచ్చాక, ఏమీ తినకముందు, రోజూ ఒకే తూకం యంత్రం మీద నిలబడి అంకె రాసుకోవాలి. మూడు రోజుల్లో 2 కిలోలు పెరిగితే అపాయింట్‌మెంట్ కోసం ఎదురుచూడకుండా ఫోన్ చేయాలి. మొదలుపెట్టిన రెండు వారాలకు రక్తపోటు, పొటాషియం, క్రియాటినిన్, మళ్లీ ఆరు వారాలకు, ఆ తరువాత మూడు నెలలకోసారి చూడాలి. పొటాషియం 5.5 దాటితే ఆ రోజే వైద్యుడికి తెలియాలి.

ఈ విధంగా నడిపించినవారిలో ఒకరి గురించి చెప్తే మీకు కొంత అందాజు వస్తుంది. ఆవిడ ఈజీఎఫ్‌ఆర్ 48, ఎజెక్షన్ ఫ్రాక్షన్ 40, రాత్రికి ఏడెనిమిది సార్లు మేలుకునేవారు. 25 మైక్రోగ్రాముల ప్యాచ్ వేసిన తొమ్మిదో రోజుకు బరువు 1.3 కిలోలు పెరిగింది, ఆయాసం లేదు. ప్యాచ్ తీయకుండా ఫ్యూరోసెమైడ్ నాలుగు రోజులు వాడమన్నాం, బరువు మళ్లీ దిగివచ్చి అక్కడే నిలిచింది. ఐదో వారంలో రాత్రికి ఒకటి రెండు సార్లే మేలుకుంటున్నానని నోట్‌బుక్‌లో రాసుకొచ్చారు. ఏడాదిన్నర తరువాత ప్యాచ్ మానిపించి చూస్తే ఆవిర్లు తిరిగి అంతగా రాలేదు. అందరికీ ఇంత సాఫీగా సాగదు. మరొకరికి రెండో వారంలోనే కాళ్ల వాపు, ఆయాసం వచ్చి ప్యాచ్ తీసేయవలసి వచ్చింది.

హార్మోన్ అసలు వద్దనుకుంటే ఉన్న ప్రత్యామ్నాయాల్లో కూడా ఈవిడకు సరిపడనివి ఉన్నాయి. నరాల నొప్పికి వాడే గాబాపెంటిన్ కిడ్నీ ద్వారానే పోతుంది కనుక మోతాదు తగ్గించాలి, పైగా అది స్వయంగా కాళ్ల వాపు తెచ్చి గుండె వైఫల్యం ముదిరిందేమోనన్న కంగారు పుట్టిస్తుంది. డిప్రెషన్‌కు వాడే వెన్లాఫాక్సిన్ రక్తపోటు పెంచవచ్చు. రక్తపోటు మందైన క్లోనిడిన్‌ను ఎజెక్షన్ ఫ్రాక్షన్ తగ్గినవారికి నేను ఇవ్వను. కొత్తగా వచ్చిన ఫెజొలినెటాంట్ హార్మోన్ కాదు, 42 ఈజీఎఫ్‌ఆర్ దగ్గర దానికి నిషేధం లేదు, కానీ కిడ్నీ పనితీరు తీవ్రంగా పడిపోతే వాడకూడదు, కాలేయ పరీక్షలు తప్పనిసరి. వేడి ఆవిర్లకు మనోవైద్యుల దగ్గర నేర్పే ఆలోచనా-ప్రవర్తన చికిత్సను చాలామంది తేలిగ్గా కొట్టిపారేస్తారు. ఆవిర్ల సంఖ్య పెద్దగా తగ్గకపోయినా వాటివల్ల పడే ఇబ్బందీ నిద్రలేమీ తగ్గుతాయి, కిడ్నీకి దానితో పనే లేదు. ‘సహజమైనవి’ అని అమ్మే పొడుల్లో అతిమధురం ఉందేమో చూసుకోండి. అది అల్డోస్టిరాన్‌లాగా పనిచేసి ఉప్పునూ నీటినీ నిలిపి రక్తపోటు పెంచుతుంది, గుండె వైఫల్యంలో దానికన్నా ప్యాచ్ వెయ్యి రెట్లు నయం. ఇదే వయసులో మొదలయ్యే కీళ్ల నొప్పులకు వాడే ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ సంగతీ అంతే. హార్మోన్ గురించి ఇంత భయపడే కుటుంబాలు ఆ నొప్పి మాత్రలను అడగకుండానే మింగించడం నేను రోజూ చూసే వింత.

యోని పొడిబారడం, మూత్రంలో మంట వంటివి కూడా ఉంటే దానికి చికిత్స వేరు. అక్కడే రాసుకునే తక్కువ మోతాదు ఈస్ట్రోజెన్ క్రీమ్ రక్తంలోకి చాలా స్వల్పంగా వెళ్తుంది కనుక గుండె, కిడ్నీ జబ్బులున్నా సాధారణంగా ఇబ్బంది ఉండదు. అయితే డాపాగ్లిఫ్లోజిన్ వాడేవారిలో అక్కడ దురద వస్తే అది చాలాసార్లు ఫంగస్, హార్మోన్ లోటు కాదు. ముందు అది చూపించుకోవాలి.

కింద వ్యాఖ్యల్లో ఒకరు తమ నాన్నగారికి టెస్టోస్టిరాన్ గురించి అడిగారు, క్లుప్తంగా చెప్తాను. 2023లో వెలువడిన ట్రావర్స్ పరీక్షలో గుండెజబ్బు ఉన్న లేదా వచ్చే అవకాశం ఎక్కువగా ఉన్న ఐదువేల మందికి పైగా పురుషుల్లో సగం మందికి టెస్టోస్టిరాన్ జెల్ ఇస్తే గుండెపోటు, పక్షవాతం పెరగలేదు. కానీ గుండె పై గదుల లయ తప్పడం (ఏట్రియల్ ఫిబ్రిలేషన్) 2.4 శాతం నుంచి 3.5కు, కిడ్నీకి హఠాత్తుగా దెబ్బ తగలడం 1.5 నుంచి 2.3కు, ఊపిరితిత్తుల్లో గడ్డ 0.5 నుంచి 0.9కు పెరిగాయి. ఇంకో చిక్కు, టెస్టోస్టిరాన్‌తో కండ పెరిగితే క్రియాటినిన్ కూడా పెరిగి, కిడ్నీ దెబ్బతినకపోయినా ఈజీఎఫ్‌ఆర్ తగ్గినట్టు కనిపిస్తుంది. అలాంటప్పుడు కండ మీద అంతగా ఆధారపడకుండా కిడ్నీ పనితీరు చెప్పే సిస్టాటిన్ సి పరీక్ష అడగాలి. గుండె వైఫల్యం, కిడ్నీ జబ్బు రెండూ ఉన్న పురుషుడికి, హార్మోన్ నిజంగా తక్కువని రెండుసార్లు ఉదయం చేసిన పరీక్షలో తేలితే తప్ప, నేను మొదలుపెట్టను.

మళ్లీ మీ అక్కగారి దగ్గరికి వస్తే, మీరు రాయని మూడు విషయాలు నా జవాబును మార్చగలవు. గర్భాశయం ఉందా, తీసేశారా? తీసేసి ఉంటే రెండో హార్మోన్ గొడవే లేదు. మూత్రంలో పోయే ప్రోటీన్‌ను కొలిచే అల్బుమిన్-క్రియాటినిన్ నిష్పత్తి ఎంత? అన్నిటికన్నా ముఖ్యంగా, గుండె బలహీనపడటానికి కారణం ఏమని తేల్చారు? గుండె కండరం జబ్బు వల్ల అయితే పైన చెప్పిందంతా వర్తిస్తుంది. రక్తనాళాలు పూడుకుపోవడం వల్ల అయితే, యాంజియోగ్రామ్‌లో ఆ మాట ఉంటే, గుండె వైద్యుడు వద్దన్నది ప్యాచ్‌కు కూడా వర్తిస్తుందనే నేనూ అంటాను, అప్పుడు హార్మోన్ కాని దారులతోనే మొదలుపెట్టమంటాను. ఆ యాంజియోగ్రామ్ నివేదిక చివరి పేజీలో ఉండే రెండు మూడు వాక్యాలు, పొటాషియం తాజా అంకె, ఈ రెండూ ఇక్కడ రాస్తే మిగతాది చెప్పగలను.